పల్లెవెలుగు రహస్యాలు

(విజయనగరం. అక్టోబరు నెల, గురువారం, దీపాలు పెట్టే వేళ. మొన్నటి సిరిమాను ధూళి వీధిలో ఇంకా అణగలేదు. వరండాలో మరియమ్మ స్వరూపం ముందు కొవ్వొత్తి. చాప మీద అప్ప, డెబ్బై నాలుగేళ్ళ మనిషి. ప్లాస్టిక్ కుర్చీలో తమ్ముడు, ఆర్టీసీ కండక్టరుగా రిటైరయ్యాడు. భుజం మీంచి సంచీ దిగింది గానీ ఒంట్లోంచి తొందర దిగలేదు. వంటింట్లో అతని భార్య. ఆవిడ కనిపించదు, గరిటె మాత్రం వినిపిస్తుంది. అక్కాతమ్ముళ్ళు జపమాల చెబుతున్నారు. ఒక్కో పూసకీ ఒక మంగళవార్త జపం: "వందనము" అనే ముందు సగం తమ్ముడిది, "మా మరణ సమయమందును" అని ముగిసే వెనక సగం అప్పది.)

తమ్ముడు: (గుక్క తిప్పుకోకుండా) దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా వందనము ఏలినవారు మీతో ఉన్నారు...

అప్ప: ఒరే, ఆపు. బండాపు.

తమ్ముడు: ఏటయింది?

అప్ప: నాను "మా మరణ సమయమందును" కాడ ఉండగానే నువ్వు మళ్ళీ వందనం ఎత్తీసినావు. నన్ను నిమ్మళంగా సావనియ్యవేటి?

తమ్ముడు: ఏడింటికి వార్తలున్నాయప్పా. మొత్తం 53 మంగళవార్తలు. ఎక్కడా ఆపకుండా లాగిస్తే పదిహేను నిమిషాలు.

అప్ప: మీ అత్తోరింటికెల్తే కాళ్ళు కడుక్కోడానికే పదిహేను నిమిషాలు పడతాది నీకు.

తమ్ముడు: నాకు తెలీకడుగుతాను, ఒక్కటే మాట 53 సార్లేటి? మరియమ్మ తల్లికి ఒక్కసారంటే వినబడదా?

అప్ప: నువ్వు బస్సులో "టికెట్, టికెట్" అని ఎన్నిసార్లు అరిచీవోడివి?

తమ్ముడు: జనం ఒక్కసారికి తియ్యరు మరి.

అప్ప: నా బుర్రా అంతే. ఆ తల్లికి వినబడక కాదు. నాకు వినబడక.

(తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. జవాబు లేనప్పుడు అతనికి గొంతు గరగరలాడుతుంది. జపమాలలో పదేసి మంగళవార్తలకు ఒక దేవరహస్యం, అంటే యేసు, మరియమ్మల జీవితంలోంచి ఒక ఘట్టం, ధ్యానించాలి.)

తమ్ముడు: సరే. ఇవేళ గురువారం. వెలుగు దేవరహస్యాలు. మొదటిది...

అప్ప: గురువారం సంతోషం.

తమ్ముడు: సంతోషం సోమవారం, శనివారం. గురువారం వెలుగు.

అప్ప: ఉపదేశి తాత నాకు సెప్పినాడు. సోమ, గురు సంతోషం. మంగళ, శుక్ర దుఃఖం. మిగతా మూడ్రోజులూ మహిమ. పదిహేనే రహస్యాలు. మధ్యలో ఈ వెలుగెక్కడిది? కరెంటోళ్ళు పెట్టినారేటి?

తమ్ముడు: రెండో జాన్ పాల్ పోపుగారు 2002లో కలిపారప్పా. రూటు పొడిగించారు. కొత్తగా అయిదు స్టాపులు.

అప్ప: పోపుగారి మాట నాను కాదన్ను. లెక్క సెప్పు. పదిహేను పదులు ఎంత?

తమ్ముడు: 150.

అప్ప: దావీదు కీర్తనలెన్ని? అవీ 150. సదువొచ్చిన మఠం సన్నాసులు కీర్తనలు సదివేవోరు. నాలాటి ఏలిముద్రగాళ్ళు పూసలు లెక్కెట్టుకునేవోరు. ఇప్పుడు నువ్వు 200 సేసీసినావు. మిగతా 50 కీర్తనలు ఎవడు రాస్తాడు, నువ్వు రాస్తావా?

తమ్ముడు: (నాలుగు సెకన్లు) టికెట్ రేటు పెరిగిందనుకో.

(వంటింట్లో గరిటె ఠంగుమంది. మాడు వాసన.)

అప్ప: అదిగో, నీ పోపు మాడిపోతంది.

తమ్ముడు: అప్పా!

అప్ప: నానన్నది తాలింపునిరా. సరే, కానీ. వెలుగంటే నాకు తెలిసింది పల్లెవెలుగు. సెయ్యెత్తిన కాడల్లా ఆపాలి. అలగైతేనే ఎక్కుతాను.

(మొదటి పది, యోర్దానులో జ్ఞానస్నానం, గొడవ లేకుండా అయిపోయింది. దోమలు తప్ప.)

తమ్ముడు: రెండో దేవరహస్యం. కానా పల్లె పెళ్ళిలో యేసు నీళ్ళను ద్రాక్షారసంగా మార్చుట. ధ్యానిద్దాము. (ఊపిరి పీల్చి) పరలోకమందుండెడి...

అప్ప: ధ్యానం అయిపోనాదా?

తమ్ముడు: అయిపోయింది.

అప్ప: పెళ్ళికెల్లినావు కదా, ఏటి సూసినావు?

తమ్ముడు: ఏటుంటాది? పెళ్ళి.

అప్ప: పందిరెంత? పెళ్ళికూతురు ఎలగున్నాది?

తమ్ముడు: సువార్తలో లేదు.

అప్ప: నేదు గనకే నువ్వు సూడాలి. నోరు మంగళవార్త సెప్తాది, ఏళ్ళు లెక్క సూసుకుంటాయి. ఇంక నీకేటి పని? పందిట్లో కూకోడవే.

(మళ్ళీ మొదలు. తమ్ముడు ఈసారి నెమ్మదిగానే నడుపుతున్నాడు. వందనం, ఆమెన్. వందనం, ఆమెన్. అయిదు పూసలయ్యాయి. ఆరోదానికి అప్ప దగ్గర్నుంచి జవాబు లేదు.)

తమ్ముడు: అప్పా, నిద్రా?

అప్ప: పెరుగు.

తమ్ముడు: ఏం పెరుగు?

అప్ప: నీ పెళ్ళిలో. రెండో బంతి సగంలో పెరుగు అయిపోనాది. బొబ్బిలోళ్ళు అలగే ఆకుల ముందు కూకున్నారు. అమ్మ కేక వెయ్యనేదు. నా సెవిలో ఒక్క మాటంది, "పెరుగు నేదే" అని. పెరటి గుమ్మంలోంచి పరిగెత్తినాను. నాలుగిళ్ళు తిరిగి, తోడెట్టిన గిన్నెలు తోడెట్టినట్టే ఎత్తుకొచ్చీసినాను. మీ మాంగారు ఒక ముద్ద నోట్లో ఎట్టుకుని ఏటన్నాడో తెల్సా? "ఇంత మంచి పెరుగు ఆఖరికి దాసినారేటి" అన్నాడు.

తమ్ముడు: (కుర్చీ ముందుకి జరుపుకొని) నాకెవరూ చెప్పలేదే!

అప్ప: పెళ్ళికొడుక్కెవరు సెప్తారు? కానాలో మాత్రం పెళ్ళికొడుక్కి తెలిసిందేటి? నీళ్ళు మోసినోళ్ళకి తెల్సు.

(కాసేపు కొవ్వొత్తి ఒక్కటే పని చేస్తోంది.)

తమ్ముడు: ఇంతకీ ఎన్నో పూసలో ఉన్నాం?

అప్ప: గుండీ కాడ.

తమ్ముడు: గుండీ ఏటి?

అప్ప: (జపమాల దీపం దగ్గరకి పట్టి) ఇది గుణదల తిరనాళ్ళలో కొన్నది. రెండో పదిలో ఆరో పూస రాలిపోనాది. నీ కాకీ సొక్కా గుండీ ఎక్కించి ముడేసినాను. సీకట్లో ఏలికి తగిల్తే సాలు, నువ్వే రూట్లో ఉన్నావో ఏటో అని ఓ మంగళవార్త ఎక్కువ పడీది.

తమ్ముడు: అంటే ఆ గుండీ నువ్వు తీసినావా? గుండీ లేదని చెకింగ్ ఇనస్పెక్టరు నాకు మెమో ఇచ్చీసినాడప్పా!

అప్ప: ఇచ్చీడు కదా. ఉద్యోగం ఊడిందేటి?

తమ్ముడు: (పూస పట్టుకుని, మళ్ళీ వదిలేసి) కానాలో నీళ్ళు పోసిన బానలెన్ని, ఆరు కదా?

అప్ప: ఆరు. రాతివి.

తమ్ముడు: ఒక్కోటి వంద లీటర్లు వేసుకో. మొత్తం 600 లీటర్లు. అప్పటికే సగం తాగేసి ఉన్నారు. ఓ పల్లెటూరి పెళ్ళికి ఇంకో 600 లీటర్లేటప్పా? ఎవరు తాగుతారు?

అప్ప: బొబ్బిలోళ్ళొచ్చుంటారు.

(వంటింట్లో గరిటె ఆగిపోయింది. అది మోగడం కన్నా ఆగడం ప్రమాదమని ఇద్దరికీ తెలుసు.)

తమ్ముడు: (గబగబా) పితకును పుత్రునికిని పవిత్రాత్మకును మహిమ... మూడో దేవరహస్యం! రైట్, రైట్!

అప్ప: ఒరే, ఆపు. ఇంకా నాలుగు పూసలున్నాయి. నాను దిగనేదు.