మహారాజశ్రీ ఇంచుమించు గారికి

మహారాజశ్రీ ఇంచుమించు గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. సొంత విమానం కట్టుకునేవాళ్ళ హ్యాంగర్లలో మీకు జరుగుతున్న మర్యాదలు చూశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు. రివెట్లు కొట్టే రోజుల్లో మిమ్మల్ని ఎవరూ గడప తొక్కనివ్వరు. డ్రిల్ బిట్టు నంబరు దగ్గర కూడా బేరం ఉండదు. తీరా ఎయిలరాన్లు (రెక్కల వెనక అంచున కదిలే పలకలు), ఎలివేటర్ (విమానపు ముక్కును పైకీ కిందికీ తిప్పే తోకపలక), రడ్డర్ (ముక్కును పక్కలకు తిప్పే తోకపలక) ఎంతమేర కదలాలో సరిచేసే రోజు వచ్చేసరికి పెద్దపీట మీదే. మీ పేరులోనే ఇంచూ ఉంది, దాన్ని మించడమూ ఉంది. ఇంత నిజాయితీగా పేరు పెట్టుకున్నవాళ్ళు అరుదు.

అమెరికాలో ఆరెగన్ రాష్ట్రంలో విమాన కిట్లు అమ్మే వ్యాన్స్ వాళ్ళ ఆర్‌వి-7 కిట్ చూడండి. ఎయిలరాన్ పైకి 25 నుంచి 32 డిగ్రీలు, కిందికి 15 నుంచి 17. ఎలివేటర్ పైకి 25–30, కిందికి 20–25. రడ్డర్ చెరోవైపు 30–35. ఎయిలరాన్ కిందివైపు మిగిల్చింది రెండే డిగ్రీలు, మీరు కాళ్ళు చాపుకోవడానికి చాలదు. "పైకి అంత, కిందికి ఇంతేనా? రెండూ సమానం చేసేస్తే పోలా!" అని మీరు చెవిలో ఊదుతారు. కిందికి వంగిన ఎయిలరాన్ ఆ రెక్కకు లిఫ్ట్‌తోపాటు డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) కూడా పెంచుతుంది, తిరగాల్సిన దిక్కుకు ఎదురుగా ముక్కును లాగుతుంది. కిందివైపు పిసినారితనం అందుకే.

ఆ తేడా రెక్కలోని బెల్‌క్రాంక్ (కదలికను దిక్కు మళ్ళించే మోచేతి తునక) కోణం నుంచి పుడుతుంది. అందుకే ముందు బెల్‌క్రాంక్‌ను జిగ్‌తో (అచ్చుపలకతో) న్యూట్రల్‌లో, అంటే నడిమి స్థానంలో, కదలకుండా బిగించాలి. తర్వాత ఎయిలరాన్‌ను న్యూట్రల్‌కు తెచ్చి చిన్న పుష్‌రాడ్ (నెట్టి లాగే కడ్డీ) పొడవు, ఆపై స్టిక్ (పైలట్ చేతికర్ర) నిటారుగా నిలిచేలా పెద్ద పుష్‌రాడ్ పొడవు సరిచేయాలి. స్టాప్‌లు (కదలికను ఆపే అడ్డుతునకలు) అన్నిటికన్నా చివర. మీ శిష్యులు చివరి పని నుంచి మొదలుపెడతారు. పైకి రెండు డిగ్రీలు తగ్గిందని రాడ్ ఎండ్ (పుష్‌రాడ్ కొసన మరతో బిగిసే ముక్క) తిప్పుతారు. అంకె వస్తుంది, న్యూట్రల్ పోతుంది, కిందివైపు కదలిక కురచవుతుంది. దానికోసం రెండో రెక్క రాడ్ కూడా తిప్పుతారు. ఎలుక గోచీ కొరికిందని పిల్లిని తెచ్చిన సన్యాసి సంసారమే.

తిప్పడంలో మీ చేతివాటం ఇంకా ముచ్చట. 1/4-28 మర అంటే వ్యాసం పావు అంగుళం, అంగుళానికి 28 చుట్లు, చుట్టుకు 0.9 మి.మీ. బోల్టు ఊడదీసి రాడ్ ఎండ్‌ను అరచుట్టు చొప్పున జరపొచ్చు. ఒకటిన్నర అంగుళాల హార్న్ (రాడ్ తగిలించే పలక చెయ్యి) మీద ఆ అరచుట్టే సుమారు 0.7 డిగ్రీ. రెండు చివరలా ఒకే దిక్కు మర ఉన్న రాడ్‌ను మధ్యలో పట్టుకుని ఎంత తిప్పినా పొడవు మారదు, చేతికి వ్యాయామం మాత్రం దక్కుతుంది. బయటికి తిప్పినకొద్దీ లోపల పట్టు తగ్గుతుంది. మర వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, అంటే ఇక్కడ 3/8 అంగుళం, లోపల ఉండేలా చూసుకోవాలి. తనిఖీ కన్నం ఉన్నచోట సన్నతీగ దూర్చి చూడాలి. తీగ లోపలికి వెళ్ళిందంటే మర అక్కడిదాకా రాలేదన్నమాట.

ఇక కొలత. డిజిటల్ రసమట్టాన్ని నేలమీద కాదు, న్యూట్రల్‌లో ఉన్న ఎయిలరాన్ మీదే సున్నా చేయాలి. ప్రతిసారీ అదేచోట పెట్టాలి. అదే రసమట్టాన్ని రడ్డర్‌కు అంటించి అంకె కోసం ఎదురుచూసేవాళ్ళు మీ ముద్దుబిడ్డలు. అది భూమ్యాకర్షణను చూసి చెప్పే పరికరం. నిలువు ఇరుసు మీద తిరిగే రడ్డర్ ఎటు పోయినా దానికి పట్టదు. అక్కడ స్కేలే గతి. హింజ్ (ఆ ఇరుసు) నుంచి 16 అంగుళాల దూరాన గుర్తు పెడితే, న్యూట్రల్ నుంచి ఆ గుర్తు తిన్నగా 8.3 అంగుళాలు జరిగితే 30 డిగ్రీలు, 9.6 జరిగితే 35.

స్టాప్‌ను ఆకురాయితో అరగదీసే ముందు ఒక్క క్షణం పక్కకు తప్పుకోండి స్వామీ! అరిగింది తిరిగి రాదు. ఎక్కువైతే బెల్‌క్రాంక్, రాడ్ ఒకే గీతలోకి వచ్చి అక్కడే బిగుసుకునే ప్రమాదం ఉంది. ఎలివేటర్ పైకి తక్కువైతే, బరువు ముందుకు ఉన్న రోజున దిగేటప్పుడు ముక్కు లేవదు. అదీగాక, మీరు ఖాళీ కాక్‌పిట్‌లోనే కొలుస్తారు. కుషన్ వేసి, ఇద్దరు కూర్చుని, స్టిక్‌ను నాలుగు మూలలకూ తోసి చూడాలి. ఫ్లాప్ (నేలకు దిగేటప్పుడు దించే రెక్కపలక) పూర్తిగా దింపి మళ్ళీ తోయాలి. స్టాప్‌కంటే ముందు పక్కవాళ్ళ తొడ తగిలితే, ప్లాన్‌లో 30 అని ఉన్నా ఆ విమానానికి తొడ చెప్పిందే కొలత.

అన్నీ అయ్యాక స్టిక్‌ను బొటనవేలు పైకుండేలా పట్టి ఎడమకు వంచండి. వేలు చూపిన వైపు ఎయిలరాన్ లేవాలి. దిగిందా, రాడ్లు తిరగబడ్డాయి. డిగ్రీలన్నీ సరిగ్గా వచ్చి దిక్కు ఎదురైన విమానానికి మీరు కూడా పూచీ ఉండరనుకుంటాం.

ఇట్లు,
ఆకురాయి పట్టినవాళ్ళు

తా.క.: లాక్‌నట్లన్నీ బిగించి, ఒక్కోదాని మీదుగా రాడ్ ఎండ్ దాకా రంగుగీత గీశాం. తెల్లారి ఏ గీతైనా విరిగి కనిపిస్తే రాత్రి మీరు వచ్చి వెళ్ళారనుకుని కొలత మళ్ళీ మొదటి నుంచి తీస్తాం.