పదో తరగతి వారి హక్కులను కాపాడుకుందాం

దేశంలో ఏ వ్యవస్థ మీద నమ్మకం సడలినా, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలోని పదో తరగతి మీద మాత్రం నాకు నమ్మకం చెక్కుచెదరలేదు. ఎన్నికలు లేకుండా, జీవో రాకుండా, కోర్టులో ఒక్క కేసైనా పడకుండా ఏటా జూన్‌లో అధికార మార్పిడి సాఫీగా జరిగిపోయే చోటు రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంకొకటి ఉంటే చూపించండి. మొన్న ఏప్రిల్ దాకా కుళాయి దగ్గర తోపులు తిన్నవాడు, వేసవి సెలవులు అయ్యేసరికి తోసేవాడై వస్తాడు. ప్రమాణ స్వీకారం ఉండదు. మీసం మొలిస్తే చాలు, అది కూడా అందరికీ కాదు.

ఇంత చక్కటి ఏర్పాటును ఈమధ్య కొందరు వివక్ష అంటున్నారు. వాళ్ళెవరూ ఆరో తరగతి దాటి ఆలోచిస్తున్నట్టు లేదు.

మొదటి ఆరోపణ, ఈ పెద్దరికం కష్టపడకుండా వస్తోందని. నిజమే, ఇందులో దాచేదేముంది? ఒకప్పుడు ఏడో తరగతికీ పబ్లిక్ పరీక్ష ఉండేది. అక్కడ ఆగిపోయినవాళ్ళకు పైకి వెళ్ళే యోగం ఉండేది కాదు. 2009 విద్యాహక్కు చట్టం వచ్చాక ఎనిమిది దాకా ఎవరినీ ఆపకూడదన్నారు. 2019లో ఆ చట్టాన్ని సవరించి, ఐదు, ఎనిమిది తరగతుల్లో కావాలంటే ఆపుకోవచ్చని రాష్ట్రాలకు వదిలేశారు. ఏదైతేనేం, హాజరు పట్టీలో పేరుండి కాలం గడిస్తే హోదా దానంతటదే నడిచొస్తుంది. పెద్దవాళ్ళకు ఇంక్రిమెంట్లు ఇలాగే వస్తుంటే లేని అభ్యంతరం, పిల్లల దగ్గరే ఎందుకు?

పైగా ఈ పద్ధతికి దైనందిన ప్రార్థనలోనే ఆధారం ఉంది. నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు విశాఖలో ఖజానా అధికారిగా ఉండగా 1962లో రాసిన ప్రతిజ్ఞను, దేశమంతా బళ్ళలో రోజూ చెప్పిస్తున్నారు. ఈసారి అసెంబ్లీ జరిగేటప్పుడు గేటు బయట నిలబడి వినండి. 'పెద్దలందరిని గౌరవిస్తాను' అన్న వాక్యం దగ్గర పదో తరగతి వరుసలో గొంతు ఒక్కసారి లేస్తుంది. ఆ పెద్దలు తామేనని వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 'ప్రతివారితోను మర్యాదగా నడచుకొంటాను' అనే చోటికి వచ్చేసరికి సరిగ్గా ఊపిరి పీల్చుకోవాల్సి వస్తుంది. అదీ గాక, ఆ వరుస ఎప్పుడూ వేపచెట్టు నీడలోనే ఉంటుంది. ఆరో తరగతి ఎండలో ఉంటుంది. ఎముకలు గట్టిపడాలి కదా, విటమిన్ డి అవసరం వాళ్ళకే ఎక్కువ.

ఇక మధ్యాహ్న భోజనం. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో వేడి అన్నం పెట్టడం మొదలైనప్పుడు అది ఐదో తరగతి దాకానే. పెద్ద తరగతులు ఆ తర్వాత గానీ ఈ పంక్తిలోకి రాలేదు. ఆలస్యంగా వచ్చినవాళ్ళే ఇప్పుడు ముందు తింటున్నారు, దీన్ని సామాజిక న్యాయం అనక ఏమంటాం? సాంబారు బకెట్ దగ్గర ఒక్క పది నిమిషాలు నిలబడి చూస్తే చాలు, పాలనాశాస్త్రం మొత్తం అర్థమవుతుంది. వంట అక్కలు ఇద్దరే కాబట్టి గరిటె పదో తరగతి చేతికి వస్తుంది. అంతా సేవాభావమే, ఎవరూ కాదనరు. ఆరో తరగతి పళ్ళెం వచ్చినప్పుడు గరిటె పైపైన తేలి నీళ్ళు తెస్తుంది. తోటి టెంత్ వాడి పళ్ళెం కనపడగానే అదే గరిటె అడుక్కంటా మునిగి ములక్కాడ, ఆనపకాయ ముక్క పట్టుకుని పైకొస్తుంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫరవాలేదని మన పెద్దలు ఊరికే అనలేదు. ఇక్కడ కడబంతిలో కూర్చోవడం కూడా లేదు, అంతే తేడా. గుడ్డు మాత్రం తలకొక్కటే. దాన్ని సగం చేసి వడ్డించే పద్ధతి ఎవరూ కనిపెట్టలేదు గనక ఆ ఒక్క విషయంలో బడిలో సమానత్వం వర్ధిల్లుతోంది.

ఆడపిల్లల వైపు వ్యవహారం ఇంకా నాజూకు. అక్కడ తోపులాట ఉండదు, తాళంచెవి ఉంటుంది. ఉన్న మరుగుదొడ్లలో నీళ్ళొచ్చేది ఒక్కటైతే, 'పాడుచేస్తారు' అని దానికి తాళం వేసి, చెవి పదో తరగతి అక్క దగ్గర ఉంచుతారు. అక్క మంచిదే. అక్క లెక్కల పరీక్ష రాస్తోంది, అంతే. ఏడో తరగతి పిల్ల పొద్దుటి నుంచి నీళ్ళు తాగడం మానేసి సర్దుకుంటుంది. ఇందులో నవ్వడానికి ఏమీ లేదు, కాబట్టి పక్క పేరాలోకి వెళదాం.

కొరత వల్లే ఈ పెత్తనాలు పుడతాయి, వసతులు పెంచితే అవే పోతాయి అని వాదించేవాళ్ళు ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో నాడు–నేడు, తెలంగాణలో 2022లో మన ఊరు–మన బడి మొదలైనప్పుడు నాకు నిజంగానే టెన్షన్ పట్టుకుంది. కుళాయిలు, బెంచీలు, నీటి వసతి ఉన్న మరుగుదొడ్లు అందరికీ సరిపడా వచ్చేస్తే తరతరాల సంప్రదాయం గతేం కావాలి? కానీ మన పిల్లలు మనల్ని తలదించుకునేలా చేయరు. ఒకటున్న కుళాయి నాలుగైతే, వాటిలో నీడ పట్టున ఉన్నది 'టెంత్ వాళ్ళ కుళాయి' అవుతుంది. మిగతా మూడూ ఖాళీగా ఉన్నా దాని మీద చెయ్యి వేసిన ఎనిమిదో తరగతి వాడికి వీపు విమానం మోతే. దాహానికీ దీనికీ సంబంధం లేదని ఇంతకన్నా శాస్త్రీయంగా ఎవరు రుజువు చేయగలరు?

ఇవన్నీ పిల్లలకు ఎవరు నేర్పారని అడగకండి. స్టాఫ్ రూములో ఫ్యాను కింద కుర్చీ ఎవరిదో ఆరో తరగతి వాడికి కూడా తెలుసు. బదిలీల కౌన్సెలింగ్ సీజన్లో మాస్టార్లు సీనియారిటీ జాబితా పట్టుకుని పాయింట్లు లెక్కపెట్టుకోవడం చాక్‌పీసులకని వెళ్ళిన ప్రతి పిల్లవాడూ చూస్తాడు. పాఠంలో లేనివే బాగా ఒంటబడతాయి.

ఏడాదికోసారి వచ్చే స్వపరిపాలన దినం నాడు ఈ చదువు ఎంతవరకు వచ్చిందో పరీక్షించుకోవచ్చు. అమ్మ చీరకు అరడజను పిన్నీసులు పెట్టుకుని ఒక అమ్మాయి హెడ్మాస్టరవుతుంది. నాన్న ఫుల్‌హ్యాండ్స్ చొక్కా వేసుకుని ఒకడు కలెక్టరు, ఇంకొకడు డీఈఓ. ఆరో తరగతికి లెక్కల మాస్టారుగా వెళ్ళినవాడు మాత్రం అసలు మాస్టారు ఏనాడూ పట్టని బెత్తం పట్టుకుని పదిహేడో ఎక్కం చెప్పమంటాడు. అది తనకూ రాదు. కాబట్టి ఎవరు చెప్పినా తప్పే. గంట కొట్టేసరికి సగం క్లాసు బెంచీ ఎక్కి ఉంటుంది. మధ్యాహ్నం సభలో 'ఉపాధ్యాయ వృత్తి ఎంత కష్టమో తెలిసింది' అని అతనే కన్నీళ్ళతో ప్రసంగిస్తాడు, బహుమతిగా స్టీలు గ్లాసు కూడా అందుకుంటాడు.

ప్రైవేటు బళ్ళ గురించి చెప్పడానికేమీ లేదు. అక్కడ మైదానమే లేదు కాబట్టి దాన్ని ఆక్రమించుకునే సీనియర్లూ లేరు. ర్యాంకును బట్టి సెక్షను, సెక్షనును బట్టి మర్యాద. హాస్టళ్ళ సంగతి కొంచెం వేరు. అక్కడ పెద్దరికం నీళ్ళ బకెట్ మోయించడంతో మొదలై, బట్టలు ఉతికించుకోవడం దాకా వెళ్ళి, కొన్నిసార్లు అక్కడా ఆగదు. ర్యాగింగ్‌ను నిషేధిస్తూ ఉమ్మడి రాష్ట్రం 1997లోనే చట్టం చేసింది గానీ, అది కాలేజీల గొడవ అనుకుని మనం ప్రశాంతంగా ఉన్నాం. బళ్ళో జరిగేదానికి మనం పెట్టుకున్న పేరు 'అన్నయ్యలే కదా'.

అందుచేత రెండు ప్రభుత్వాలకూ నా విన్నపం. ఈ సంప్రదాయాన్ని ఇంకా నోటిమాట మీద నడపడం సరికాదు, వెంటనే సర్వీస్ రూల్స్ రూపొందించాలి. నీడ, గరిటె, కుళాయి, తాళంచెవి, వాలీబాల్ కోర్టు పదో తరగతికి చెందుతాయని అందులో స్పష్టంగా రాయాలి. తొమ్మిదో తరగతికి ఇన్‌ఛార్జి హోదా ఇచ్చి, పెద్దలు స్పెషల్ క్లాసుల్లో ఉన్నంతసేపు అధికారాలు వాడుకోనివ్వాలి. పదో తరగతి పూర్తయి ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరి, కాలేజీ గేటు దగ్గర మళ్ళీ సీనియర్ల కంట పడకుండా నక్కి నక్కి నడిచేవాళ్ళకు పాత హోదాకు తగ్గ పింఛను ఏర్పాటు చేయాలి. ముసాయిదాను నోటీసు బోర్డులో పెట్టాలి, రూల్స్ ప్రకారం అభ్యంతరాలూ స్వీకరించాలి. ఆరో తరగతి వారి అభ్యంతరాలను నాలుగేళ్ళ తర్వాత తీసుకుంటే సరిపోతుంది. అప్పటికి వాళ్ళకు ఏమీ ఉండవు.