బాలానగర్‌ను ముంచింది యూనియన్లేనా?

హైదరాబాద్ పాత పారిశ్రామిక వాడలు బాలానగర్, సనత్‌నగర్ మాట ఎత్తితే చాలు, ‘ఆ కంపెనీలను యూనియన్లే ముంచాయి’ అని ఎవరో ఒకరు తేల్చేస్తారు. మందులు చేసిన ప్రభుత్వ సంస్థ ఐడీపీఎల్, ఫ్రిజ్‌లు చేసిన ఆల్విన్, కవాడిగూడలో యంత్ర పరికరాలు చేసిన ప్రాగా టూల్స్ అన్నీ ఆ ఖాతాలోనే పడతాయి. యూనియన్ల తప్పేమీ లేదని నేను అనను. అయితే పాతబడిన యంత్రాలు, 1991 ఆర్థిక సంస్కరణల తర్వాత మీదపడిన పోటీ, ఢిల్లీలో కదలని ఫైళ్లు గేటు మీటింగులో తేలే విషయాలు కావు. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డే 1984లో మందుల కంపెనీ డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. నైపుణ్యానికి అక్కడ కొదవ లేదు.

యూనియన్ ఉంటే జీతాలు పెరుగుతాయి, లాభం కొంత తరుగుతుంది, కార్మికులు ఉద్యోగం వదిలిపోవడం తగ్గుతుంది. అమెరికా ఆర్థికవేత్తలు ఫ్రీమన్, మెడాఫ్ 1984లోనే ఈ లెక్క తేల్చారు. మన దగ్గర అసలు చిక్కు వేరే: ఒకే గేటుకు అరడజను సంఘాల జెండాలు. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలోని 18(1) సెక్షన్ కింద ఒక సంఘంతో ఒప్పందం చేసుకుంటే అది సంతకం పెట్టినవారికే వర్తించేది. మర్నాడు పోటీ సంఘం ఇంకో వంద ఎక్కువ అడిగేది, అడగకపోతే దానికి సభ్యులు మిగిలేవారు కారు. యాజమాన్యాన్ని దెబ్బతీసేది జీతాల ఖర్చు కన్నా ఈ అనిశ్చితి.

హైదరాబాద్‌లోని సింగరేణి భవన్‌కు ఇది బాగా తెలుసు. 1990ల తొలినాళ్లలో సింగరేణి బొగ్గు గనుల్లో ఏటా వందల సమ్మెలు జరిగేవి. 1998లో, కార్మికులందరి తరఫున మాట్లాడే గుర్తింపు సంఘాన్ని రహస్య బ్యాలెట్‌తో ఎన్నుకోవడం మొదలయ్యాక యాజమాన్యానికి మాట్లాడవలసింది ఎవరితోనో తెలిసింది. అప్పుల సర్దుబాటు కూడా తోడైంది కాబట్టి సంస్థ కుదురుకున్న ఘనతంతా బ్యాలెట్‌దే అనలేం. 2024-25 లాభంలో విస్తరణకు పక్కన పెట్టగా మిగిలినదాంట్లో 34 శాతాన్ని కార్మికుల వాటాగా ప్రకటించారు; కాంట్రాక్టు కార్మికుల బోనస్‌తో కలిపి అది 819 కోట్లు. లాభం పంచుకునే కార్మికుడికి గని ఆగకుండా నడవడం సొంత పని అవుతుంది.

ఇదే ప్రకటనలో ఇంకో అంకె ఉంది. పర్మనెంట్ కార్మికుడికి సగటున సుమారు 1.95 లక్షలు, కాంట్రాక్టు కార్మికుడికి 5,500 రూపాయలు. కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఈ ఇద్దరి మధ్య గోడను కదపలేదు. యాజమాన్యంతో చర్చించే సంఘం హోదాకు కావలసిన 51 శాతం మద్దతును సంస్థ మస్టర్ రోల్‌లో, అంటే సొంత హాజరు పట్టీలో, ఉన్నవారిలోనే లెక్కిస్తారు. పాశమైలారం పారిశ్రామిక వాడలో కాంట్రాక్టరు రిజిస్టరులో పేరున్న వలస కార్మికుడు ఆ లెక్కలోకే రాడు. అతడి తరఫున మాట్లాడే సంఘం లేనప్పుడు, తక్కువ కూలి వల్ల వచ్చిన లాభాన్ని కంపెనీ సామర్థ్యంగా చూపడం సులువు.