పైపు మార్చకుండా సిమెంటు రోడ్డు ఎవరు వెయ్యమన్నారు?

ఈ పొద్దు మా వీధిలో మళ్లీ రోడ్డు పగలగొట్టారు. వేసి ఇంకా ఏడాది కూడా కాలేదు. డ్రిల్లింగ్ మిషన్ చప్పుడుకు బయటికొచ్చి చూస్తే మా గేటు ముందరే గుంత, గుంత నిండా ఎర్రనీళ్లు. ఆ నీళ్లలో నిలబడి ఒక పిల్లోడు పైపు పానాతో పాత జాయింటు తిప్పుతున్నాడు. అది కదిలితే కదా! తుప్పు పట్టి పైపు, సాకెట్టు ఒకటైపోయాయి. చివరికి రంపంతో కోసి తీశాడు.

ఆ ముక్క చేతిలోకి తీసుకుని చూసినప్పటి నుంచి నాకు ఒళ్లు మండుతోంది. బయటికి చూస్తే ముప్పావు ఇంచి జీఐ పైపు, అంటే జింకు పూత పూసిన ఇనుప పైపు. లోపల తుప్పు పొరలు పొరలుగా పేరుకుని పెన్సిలు దూరేంత సందు మిగిలింది. గోరుతో గీకితే ఎర్రటి పొడి రాలుతోంది. కింది వైపు సన్న బొక్క, దాని చుట్టూ నల్లటి జిగురు. ఎందుకంటే ఆ పైపు పోయేదే మురుగుకాల్వలోంచి. మా ఇంట్లో పిల్లలు ఇన్నేళ్లూ తాగింది అందులోంచి వచ్చిన నీళ్లే.

అడిగితే కాంట్రాక్టరు మనిషి ఏమన్నాడో తెలుసా? "మెయిన్ లైను కొత్తదేసినాం గదన్నా, ఇండ్ల కనెక్షన్లు మా అగ్రిమెంటులో లేవు." మెయిన్ లైను ఎంత కొత్తదైతే ఏం లాభం? అక్కడి నుంచి మా కొళాయి దాకా వచ్చేది ఆ కుళ్లిన పైపే కదా. రోడ్డు వేసే ముందు వీధి వీధంతా మొత్తుకున్నాం. ముందు కనెక్షన్లు మార్చండి, తర్వాత సిమెంటు పొయ్యండి అని. నిధులు మురిగిపోతాయని చెప్పి రాత్రికి రాత్రి పోసేసి పోయారు. నిధులు మురగలేదు, నీళ్లు మురిగాయి.

నీళ్లు బాగానే వస్తున్నాయి కదా అనే వాళ్లు ఇది చదవండి. మన దగ్గర నీళ్లు రోజంతా రావు. కాసేపు వదిలి కట్టేస్తారు. కట్టేశాక పైపు ఖాళీ అవుతుంది. ఖాళీ అయ్యేటప్పుడు లోపల ఒత్తిడి తగ్గి, బొక్క ఎక్కడుంటే అక్కడ బయటి మురుగును లోపలికి లాక్కుంటుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు మొదట వచ్చేది అదే. కొళాయి దగ్గరికి వచ్చేసరికి లీటరు నీళ్లలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని ప్రమాణం. ఇనుప పైపులో తుప్పు ఆ క్లోరిన్‌ను దారిలోనే తినేస్తుంది. ఇక ట్యాంకు దగ్గర ఎంత శుద్ధి చేసి ఏం ప్రయోజనం?

మోటార్ల సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. కొళాయికి నేరుగా మోటారు బిగించి లాగే మహానుభావులు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వాళ్ల సంపు నిండుతుంది. ఆ లాగుడుకు కాల్వలోని మురుగు కూడా కదిలొస్తుంది. అది వాళ్ల ఇంటితో ఆగుతుందా, పక్కింటి బిందెలోకీ పోతుంది. మా ఎదురింటాయన ఇంటి ముందు ఎలివేషన్‌కు లక్షలు పోశాడు, మెట్లకు గ్రానైట్ వేయించాడు. పాత పైపు తీయించుకో అన్నా అంటే "భూమిలో ఉండేది ఎవరు చూస్తారప్పా" అంటాడు. ఎవరూ చూడరు, నిజమే. ఆ నీళ్లు తాగుతారు అన్నా, తాగుతారు.

అసలు క్యాన్లు వచ్చాకే మనం చెడిపోయాం. ఒకవైపు తుంగభద్ర, ఇంకోవైపు హంద్రీ ఉన్న కర్నూల్లో కూర్చుని ఇరవై లీటర్ల క్యాన్ కొనుక్కుని తాగుతున్నాం. కొనగలిగిన వాళ్లు పైపుల గురించి అడగడం మానేశారు. మా ఇంటికి అంట్లు తోమడానికి వచ్చే అక్క క్యాన్ కొనలేదు, కొళాయి నీళ్లే తాగుతుంది. వానాకాలంలో వాళ్ల చిన్నోడికి విరేచనాలు పట్టుకుని ఆస్పత్రిలో పెట్టాల్సి వచ్చింది. ఆమె అడిగితే వినే నాథుడు లేడు, అడిగితే వినిపించుకునే స్థితిలో ఉన్న మనం అడగం. నాకు కాంట్రాక్టరు మీద కన్నా ఇప్పుడు ఈ విషయంలోనే ఎక్కువ కోపంగా ఉంది.

నీళ్ల విలువ తెలియని సీమ కాదు మనది. అనంతపురం జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన ఊళ్లు ఉండేవి. 1990ల్లో సత్యసాయి ట్రస్టు వందల ఊళ్లకు పైపుల్లో మంచినీళ్లు పంపితే జనం కళ్లకద్దుకున్నారు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోతే మనందరికీ ఎంత టెన్షన్! ఏడు దశాబ్దాల నాటి గేటు. ఇనుముకు ఆయుష్షు ఉంటుందని ఆ రాత్రి అందరికీ అర్థమైంది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారు వచ్చి దగ్గరుండి, ఉధృతంగా పోతున్న నీళ్లకు అడ్డంగా స్టాప్‌లాగ్‌లు, అంటే తాత్కాలికంగా అడ్డం పెట్టే ఉక్కు పలకలు దింపించారు. వారం తిరిగేసరికి నీళ్లు నిలిచాయి. అంత పని అంత తొందరగా చేయగలిగిన చోట, ఇంటి ముందరి పది అడుగుల పైపు మార్చడానికి ఏళ్లు పడుతుందంటే నేను నమ్మను. గేటు పోతే టీవీల్లో వస్తుంది. పైపు కుళ్లితే ఒక ఇంట్లో పసివాడు మంచాన పడతాడు, అంతే తేడా.

రేపో మాపో పక్క వీధికి రోడ్డు కొలతలు తీయడానికి వస్తారట. సాయంత్రం వెళ్లి, కోసి తీసిన ఆ పైపు ముక్క అక్కడి వాళ్ల చేతికిచ్చి చూపించి వచ్చాను. ప్రతి ఇంటి పాత కనెక్షన్ పైకి తీసి, కొత్తది కాల్వలోంచి కాకుండా కాల్వకు పైగా వేసి, నీళ్లు వదిలి లీకుల్లేవని చూపించిన తర్వాతే కాంక్రీటు పడాలి. అంతదాకా ఒక్క తట్ట కూడా పొయ్యనివ్వొద్దని చెప్పాను. మిక్సర్ లారీకి అడ్డం నిలబడాల్సి వస్తే నేనూ వచ్చి నిలబడతాను. మీరూ రండి.