కళ్లు పోయి మూతి మిగిలింది

'రేపటి నుంచి 14 రోజులు వేడినీళ్లు ఉండవు)'

వోల్గా ఒడ్డున వైద్యవిద్య వెలగబెట్టిన ఆరేళ్లలో మా హాస్టలు పర్యవేక్షకురాలు పంపిన సందేశాలన్నింటికీ ఇది తలమానికం. ఏటా వేసవిలో పైపుల తనిఖీ పేరుతో వేడినీళ్లు కట్టేయడం రష్యా నగరాల్లో మామూలే, దానితో నాకు పేచీ లేదు. పేచీ అంతా చివర వాలిన ఆ బ్రాకెట్టుతోనే. తెరవని బ్రాకెట్టును మూయడమేమిటి? తెరిచిందెవరు?

అచ్చుతప్పు అనుకున్నాను. కాదట, నవ్వట. ముద్దుపేరు 'స్కోబచ్కా', అంటే చిన్నారి బ్రాకెట్టు. 1982లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రవేత్త స్కాట్ ఫాల్మన్ ప్రతిపాదించినప్పుడు ఈ నవ్వుకు :-) అని రెండు కళ్లు, ఒక ముక్కు ఉండేవి. రష్యన్ కీబోర్డు మీద కోలన్ కావాలంటే షిఫ్టుతో ఆరు నొక్కాలి, బ్రాకెట్టుకు షిఫ్టుతో సున్నా. అంత దూరం వేలు నడవలేక కళ్లూ ముక్కూ పీకి పారేశారు. బద్ధకం అక్కడ వ్యాకరణ సూత్రం. తాజా కలానికి ఇంగ్లీషు పీ, ఎస్ కొట్టబోయి, భాష మార్చడం మరిచిపోతే అవే మీటల మీదున్న రష్యన్ అక్షరాలు రెండు పడతాయి. దిద్దే ఓపిక లేక ఆ అక్షరాలనే తాజా కలం చేసి కూర్చోబెట్టారు.

సమకాలీన రచయితల్లో మీ స్థానమెక్కడ అని 1969లో అడిగితే, నవ్వుకు వెల్లకిలా పడుకున్న బ్రాకెట్టు లాంటి గుర్తొకటి ఉండాలని, దాన్నే జవాబుగా గీస్తానని రష్యాలో పుట్టిన రచయిత నబొకోవ్ అన్నాడు. మహానుభావుడు ప్రశ్న తప్పించుకోవడానికి పడుకోబెట్టమన్నాడు. వీళ్లు లేపి నిలబెట్టి మన మీదికి తోలారు.

సరే, పర్యవేక్షకురాలికి జవాబివ్వాలి కదా. ఎన్ని బ్రాకెట్లు పెట్టాలన్నది తేల్చడానికి అయిదుగురం తెలుగువాళ్లం వంటింట్లో సభ తీర్చాం. ఒకటి పెడితే పొడి మర్యాద. అసలు పెట్టకపోతే అలిగినట్టు. వాక్యం చివర చుక్క పెడితే యుద్ధమే. మూడంటే స్నేహం. ఏడు పెడదామన్నాడు అనస్థీషియా మీద ఆశలున్న మా మిత్రుడు. ఏడు చూస్తే మతి చలించిందనుకుంటారని సీనియరు వారించాడు. మరి రెండంటే? సభ నిశ్శబ్దమైంది. పప్పు అడుగంటింది. పొయ్యి కట్టి మళ్లీ కూర్చున్నాం. రెండంటే సగం స్నేహమని ఒకరు, మూడోది వేయడానికి మనసొప్పలేదని ఇంకొకరు. అర్ధరాత్రికి మూడు అని తీర్మానమైంది. మర్నాటి నుంచి ఎలక్ట్రిక్ కెటిల్‌తో నీళ్లు కాచుకుని స్నానం. ఒక్కో మనిషికి నాలుగు కెటిళ్లు. జుట్టున్నవాడికి అయిదు.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. ఆ చలికాలంలో మొదటి సంవత్సరం కుర్రవాడొకడు ఫోను పట్టుకుని నా గదికి వచ్చాడు. గుంటూరు వైపు పిల్లవాడు, చదువు కోసం తండ్రి మిర్చి పొలం తాకట్టు పెట్టాడు. ఎప్పుడో ఇచ్చిన కాగితాలు కార్యాలయం సొరుగులోనే ఉండిపోయాయి. 'మీ రిజిస్ట్రేషన్ గడువు దాటింది, దేశం విడిచి వెళ్లాల్సి రావచ్చు)' అని సందేశం.

"అన్నా, ఇది తమాషాకి పంపారా?" అని అడిగాడు. ఆ బ్రాకెట్టును చూపించి మరీ అడిగాడు. వాడి చెయ్యి వణుకుతోంది.

ఏముందయ్యా అక్కడ నవ్వడానికి? తప్పు మీది. క్షమించండి అని రాయడానికి రష్యన్‌లో మాట లేదా? నాకు తెలిసి రెండున్నాయి, మొదటి నెలలోనే నేర్పారు. ఆ మాట రాస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. బ్రాకెట్టుకు సంతకం అక్కర్లేదు, సిగ్గు అంతకన్నా అక్కర్లేదు. కళ్లుంటే ఆ పిల్లవాడి వంక చూడాల్సి వస్తుందనే కాబోలు, కళ్లు తీసేశారు.

ఆ రాత్రి వాడి తరఫున నేనే జవాబు రాశాను. కాగితాలు ఇచ్చిన తేదీ, తీసుకున్న గుమస్తా పేరు, గది నంబరు. ప్రతి వాక్యం చివరా చుక్క.

పొద్దున్నే సమాధానం వచ్చింది: 'అంత కోపమెందుకు))'

రెండు. రెండంటే ఏమిటో వంటింటి సభ ఇప్పటికీ తేల్చలేదు.