డబ్బా మీది 4 ఓంల వారికి ఒక బహిరంగ విన్నపం

మహారాజశ్రీ 4 ఓంలు గారి సముఖానికి,

నమస్కారములు. కరెంటుకి ఎంత అడ్డు ఉందో చెప్పే కొలత తమరు. కారులో బేస్ మోగించే సబ్‌వూఫర్ డబ్బా మీద ఉన్నారు, దానికి పవర్ ఇచ్చే యాంప్లిఫయర్ డబ్బా మీదా ఉన్నారు. అక్కడ "4 ఓం", ఇక్కడ "బ్రిడ్జ్ చేస్తే కనీసం 4 ఓం" (బ్రిడ్జ్ అంటే యాంప్ రెండు చానళ్లనీ కలిపి ఒకే స్పీకర్‌కి ఇవ్వడం). రెండు చోట్లా అంత నిండుగా దర్శనమిస్తే ఇక వైర్లు బిగించడమే తరువాయి అనుకోనివాడు ఉంటాడా? అమ్మినాయన కూడా అదే అన్నాడు: "రెండూ 4 ఓమ్సే సార్, కళ్లు మూసుకుని కలిపేయండి."

నిన్న మధ్యాహ్నం అంతా డిక్కీలో తల దూర్చి కూర్చుంటే తేలింది ఏమిటయ్యా అంటే, ఈ రెండిటినీ కలిపి వేరే అంకెల్ని రప్పించవచ్చు గానీ తమరిని మాత్రం రప్పించలేం.

సబ్‌కి వాయిస్ కాయిల్స్, అంటే కోన్‌ని కదిపే తీగచుట్టలు, రెండట. ఒక్కోటీ తమరే, అంటే 4. రెండూ ప్యారలల్‌లో, అంటే పక్కపక్కన, కలిపితే 2 ఓంలు. సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి, కలిపితే 8. అంతే, మూడో దారి లేదు. డబ్బా మీద నిలువెత్తున వెలిగిపోతున్న తమరు, లోపల తీగల దగ్గరికి వచ్చేసరికి లేరు. తమరి పక్కనే చిన్న అక్షరాల్లో "డీవీసీ" అని మూడు ముక్కలున్నాయి, డ్యుయల్ వాయిస్ కాయిల్ అట. భూతద్దం కూడా డబ్బాలోనే పెట్టి ఇవ్వాల్సింది.

ఒక కాయిల్‌కే కనెక్షన్ ఇచ్చి రెండోది వదిలేయమని చెప్పే సలహాదారులూ ఉన్నారు. అప్పుడు తమరు వస్తారు, కాదనను. సబ్ తట్టుకునే పవర్ సగానికి పడిపోతుంది, కోన్‌ని లాగే బలం తగ్గుతుంది, ఆ సబ్‌కని కొలతలు వేసి కట్టించిన పెట్టె కాస్తా వేరే సబ్‌కి కట్టించినట్టు అయిపోతుంది. తమరి రాకకు అంత కట్నం ఇచ్చుకోలేను.

అసలు మంట ఇక్కడ. ఇదే సబ్‌లో 2 ఓంల కాయిల్స్ రకం ఉంటుంది. వాటిని సిరీస్‌లో పెడితే ఎంత? 4! అంటే 4 కావలసినవాడు డబ్బా మీద 2 ఉన్నది కొనాలి. 4 ఉన్నది కొన్నవాడికి 4 రాదు. ఈ మాట అమ్మినాయనకి ఫోన్ చేసి చెబితే ఆయన ఏమాత్రం తడుముకోలేదు. "ఇంకో సబ్ తీసుకోండి సార్, అప్పుడు కరెక్టుగా 4 వస్తుంది" అన్నాడు. కోపం ఎందుకొచ్చిందంటే, ఆయన లెక్క నిజమే. ఒక్కో సబ్‌లో కాయిల్స్ సిరీస్‌లో పెట్టి 8 చేసి, రెండు సబ్‌లనీ ప్యారలల్ చేస్తే 4. తమరి దర్శనానికి జంటగా రావాలన్నమాట.

బిగించడానికి వచ్చిన కుర్రాడికి ఇవేవీ పట్టలేదు. "ప్యారలల్ కొట్టేద్దాం సార్, బాగా దంచుతుంది" అన్నాడు. దంచింది. సన్నగా మోగినంతసేపూ బుద్ధిగానే ఉంది. లోతైన బేస్ పడగానే యాంప్ మీద ఎర్ర లైటు, నిశ్శబ్దం. మళ్లీ ఆన్, మళ్లీ ఎర్ర లైటు. ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. ఎందుకు కాలదు? బ్రిడ్జ్ చేసినప్పుడు రెండు చానళ్లూ ఒకే సబ్‌ని చెరో వైపు నుంచీ లాగుతాయి, ఒక్కో చానల్‌కి కనిపించేది అందులో సగమే. 4 పెడితే చానల్‌కి 2. మనం పెట్టినది 2 కాబట్టి చానల్‌కి 1. ఓంలు ఎంత తగ్గితే కరెంటు అంత పెరుగుతుందని జార్జ్ సైమన్ ఓం అనే జర్మన్ పెద్దాయన 1827లోనే పుస్తకం అచ్చేసి మరీ చెప్పాడు. ఆ ఎర్ర లైటు పుణ్యమా అని యాంప్ బతికింది.

పోనీ తమరు ఉన్న చోటైనా 4గా ఉంటారా అని మల్టీమీటర్ పెట్టి చూశాను. ఒక్కో కాయిల్ మూడున్నర చూపించింది. మీటర్ చూపేది తీగ రెసిస్టెన్సే, పాట మోగేటప్పుడు కాయిల్ చూపే అడ్డు, అంటే ఇంపెడెన్స్, వేరు, అది ఫ్రీక్వెన్సీని బట్టి మారుతుంది అంటారు. ఔను, ఎంత మారుతుంది? స్పీకర్లకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60268-5 ప్రకారం రాసిన అంకెలో 80 శాతం దాకా దిగవచ్చు, అంటే 3.2. రెజొనెన్స్ దగ్గర, అంటే కోన్ తనంతట తాను ఊగే ఫ్రీక్వెన్సీ దగ్గర, పైకి లేస్తే 20 దాటినా అడిగేవాడు లేడు. కాయిల్ వేడెక్కితే ఇంకో లెక్క. ఏమయ్యా నాలుగూ, ఒక్క పాట అయ్యేలోపు ఇన్ని వేషాలు మార్చేవాడివి, డబ్బా మీద మాత్రం అంత స్థిరంగా ఎలా కూర్చున్నావు? నిన్ను నమ్మి వైరు కొన్నాను, నిన్ను నమ్మి పెట్టె కట్టించాను. నీ పక్కన ఒక చిన్న పట్టీ, సిరీస్‌కి ఇంత, ప్యారలల్‌కి ఇంత అని, అచ్చు వేయడానికి నీ ఇంట్లో సిరా అయిపోయిందా?

ఆ యాంప్ వాళ్ల సంగతి ఇంకా బాగుంది. డబ్బా మీద 2000 వాట్లు. వెనక ఫ్యూజు 30 ఆంపియర్లు. బ్యాటరీ 14.4 వోల్టులు ఇచ్చిందనుకున్నా లోపలికి వెళ్లేదే 432 వాట్లు, బయటికి 2000 ఎలా వస్తాయో ఆ ఫ్యూజునే అడగాలి. కారు యాంప్‌ల పవర్ కొలిచే సీటీఏ-2006 ప్రమాణం (పాత పేరు సీఈఏ-2006) పాటించే కంపెనీలు 14.4 వోల్టుల దగ్గర, 4 ఓంల లోడు మీద, వక్రీకరణ 1 శాతం దాటకుండా ఎంత ఇస్తుందో అదే రాస్తాయి. ఆ గుర్తు ఈ డబ్బా మీద లేదు. ఇక వచ్చే సిగ్నల్‌కి యాంప్‌ని సరిపెట్టే గెయిన్ నాబ్‌ని వాల్యూమ్ అనుకుని చివరిదాకా తిప్పే మహానుభావులకి వేరే లేఖ రాస్తాను.

రాత్రి వైర్లు విప్పి సిరీస్‌లో పెట్టాను. 8 ఓంలు. తమరుంటే వచ్చే పవర్‌లో సగం. ఏడుపు ముఖంతో పాట పెట్టాను. మోగింది. సగం పవర్ పోతే పోయేది 3 డెసిబెళ్లే. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెళ్లు, అంటే పది రెట్ల పవర్ కావాలి. యాంప్ చల్లగా ఉంది, హెడ్‌లైట్లు ప్రతి దెబ్బకీ కళ్లు మూయడం మానేశాయి, బేస్ బిగువుగా, తెగినట్టు వస్తోంది. అనకూడదు గానీ, 8 ఓంలు గారు పెద్దమనిషి. డబ్బా మీద ఎక్కడా పేరు లేకపోయినా పని చేసిపెట్టారు.

తమరిని మాత్రం క్షమించలేదు. ఆ అమ్మినాయన ఇవాళ పొద్దున్నే ఫోన్ చేసి రెండో సబ్ స్టాకులో ఉందని చెప్పాడు. ఎన్ని ఓంలు అని అడిగాను. "4 ఓమ్సే సార్" అన్నాడు. కాయిల్స్ ఎన్ని అని అడిగితే లైన్ కట్ అయింది.

ఇట్లు,
8 ఓంల పంచన తలదాచుకున్న
తమ విధేయుడు