సవరణ: మరణ ధ్రువపత్రంలో కారణం ఉండదు

మొన్నటి పోస్టులో "మున్సిపాలిటీ ఇచ్చే మరణ ధ్రువపత్రాల్లోని కారణాలు కూడితే జిల్లాలో దేనివల్ల ఎంతమంది పోయారో లెక్క తేలుతుంది" అని రాశాను. అది తీసేశాను. ఆ పత్రంలో పేరు, తేదీ, స్థలం లాంటి వివరాలే ఉంటాయి. కారణం బయటపెట్టకూడదని 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలోని 17వ సెక్షనే చెబుతోంది.

కారణం ఉండేది డాక్టర్ నింపే ఫారం 4లో. ఇంటి దగ్గర పోతే 4ఏ. అందులో వరస ముఖ్యం. పరకాల రైతు ఒకాయనకు ఏళ్ల తరబడి షుగర్, కాలు కుళ్లింది, విషం రక్తానికెక్కి పోయాడనుకోండి. పై గీతలో రక్తంలో ఇన్ఫెక్షన్, దాని కింద గాంగ్రీన్ (కాలు కుళ్లడం), అడుగున షుగర్ రాయాలి. లెక్కలోకి వెళ్లేది మామూలుగా ఆ అడుగు గీతే. బీపీ లాంటివి పక్కన రెండో భాగంలో. ఉత్తగా "గుండె ఆగింది" అని రాస్తే ఏం తెలుస్తుంది? పోయిన ప్రతి మనిషికీ గుండె ఆగుతుంది కదా!

ఇంకొకటి. నమోదు చావు జరిగిన చోటే. ములుగు మనిషి వరంగల్ దవాఖానలో పోతే ఎంట్రీ వరంగల్‌లోనే పడుతుంది. అందుకే ఇక్కడి నమోదులు చూసి "వరంగల్‌లో చావులు ఎక్కువ" అనడం కుదరదు.

దేశం మొత్తమ్మీద 2020లో నమోదైన మరణాల్లో డాక్టర్ కారణం రాసినవి దాదాపు 22 శాతమే. ఆ చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రకారం ఆ కారణపత్రం నకలు దగ్గరి బంధువుకు ఆసుపత్రి ఇవ్వాలి. అడిగి తీసుకోండి.